తెనాలా, బాపట్లా?

రిబ్కా పెరట్లో పీట వేసుకుని రొయ్యలు వలుస్తోంది. తల తుంచడం, పెంకు ఒలవడం, వీపు మీది నల్ల నరాన్ని గోటితో లాగి పారేయడం. సగం వలిచింది, ఇంకా అంతే మిగిలింది. అన్నీ చిన్న రొయ్యలు. పని ఎక్కువ, కూర తక్కువ. చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుని కూర్చున్నది ఇప్పటిదాకా లేవలేదు.

ముందు గదిలోంచి మాటలు వినపడుతున్నాయి. ఏడు నెలలుగా ఈ ఇంట్లో నలుగుతున్న మాటలే. ఆదివారం వచ్చిందంటే ఆడపడుచు భర్త కిషోర్ తెనాలిలో పాసింజరు ఎక్కి రేపల్లెలో దిగుతాడు. బావమరిది, అంటే రిబ్కా మొగుడు జాన్సన్‌తో ఊళ్ళ గురించి పోట్లాడతాడు. కడుపునిండా తింటాడు. సాయంత్రం బండికి వెళ్ళిపోతాడు.

"ఏ వేళప్పుడు దిగినా స్టేషన్ బయట వేడి ఇడ్లీ దొరికే ఊరు బామ్మర్దీ తెనాలి. మీ బాపట్లలో ఎనిమిదింటికే కుక్కలు కూడా పడుకుంటాయి."

"పడుకోనీ బావా. మనుషులన్నాక పడుకోవాలిగా. మీ ఊళ్ళో దోమలు పడుకోనిస్తాయా? మూడు కాలవల మధ్య దోమతెర కట్టుకుని, దాన్ని ఆంధ్రా ప్యారిస్ అంటారు మళ్ళీ!"

"దోమలకి తెర కట్టుకుంటాం. ఉప్పునీళ్ళకి ఏం కడతావు? బాపట్లలో బోరు కొట్టిన నీళ్ళతో పప్పు వండితే ఉప్పు డబ్బాతో పన్లేదు."

"కలెక్టరు ఉండే ఊరు మాది."

"ఉంటే? రోజూ మీ ఇంటికొచ్చి మంచినీళ్ళు పోసి వెళ్తాడా?"

మధ్యలో అత్తగారు సారమ్మ నవ్వు. ఆవిడది కూతురున్న తెనాలి పక్షం. కొడుకు మొహం మాడినప్పుడు మాత్రం, "బాపట్లలో సముద్రం గాలి మంచిదిలే" అని ఒక మాట అటు వేస్తుంది.

జాన్సన్ బాధ జాన్సన్‌కి ఉంది. అది రిబ్కాకీ తెలుసు. అతను ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. జిల్లాలు విడగొట్టాక రేపల్లె వాళ్ళ రైలు పట్టాలు తెనాలికే ఉండిపోయాయి, ఆఫీసు కాగితాలు బాపట్లకి పోయాయి. రైలెక్కితే తెనాలి తప్ప ఇంకో దారి లేదు. ఏ సంతకం కావాలన్నా బాపట్ల పోక తప్పదు. అతను రోజూ పొద్దున్నే బస్సెక్కి చెరుకుపల్లి మీదుగా బాపట్ల పోయి, దీపాలు పెట్టే వేళకి నడుం పట్టుకుని ఇంటికి చేరతాడు. ఊరు మారాలనుకోవడంలో తప్పేం లేదు. బాపట్లయితే ఆఫీసు పక్కనే. తెనాలయితే రైల్లో కూర్చుని పోవచ్చు, అక్కా బావా దగ్గరుంటారు, కూతురు పింకీకి మంచి స్కూళ్ళున్నాయి. బాపట్లలో ఒక మూడో అంతస్తు పోర్షను అతను చూసి వచ్చాడు. తెనాలిలో తన వీధిలోనే ఒక మేడ మీది వాటా కిషోర్ చూసి పెట్టాడు. రిబ్కా రెండూ చూడలేదు. చూద్దువుగాని రమ్మని ఎవరూ పిలవలేదు. ఒకే ఒక్కసారి ఆమె అడిగింది, "కింద వీధిలోకి గది ఉందా అండీ?" అని. "పైన గాలి బాగా వస్తుంది" అన్నాడు జాన్సన్. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

వాళ్ళిద్దరూ కూర్చుని పోట్లాడుకుంటున్న బెంచీ రిబ్కా కస్టమర్లు కూర్చునే బెంచీ. ఆ గదిలో రెండు కుట్టుమిషన్లు, ఒక బల్ల, గోడకి అద్దం, మూల ఒక ట్రంకు పెట్టె ఉన్నాయి. చుండూరు దగ్గర పల్లెలో పదో తరగతి అయ్యాక మిషను నేర్చుకుని, పెళ్ళయి రేపల్లె వచ్చిన మరుసటి నెలలోనే ఆ గది తలుపు వీధిలోకి తెరిచింది. ఏడేళ్ళయింది. ఇప్పుడు భట్టిప్రోలు నుంచి, వేమూరు నుంచి కూడా ఆడవాళ్ళు రైలెక్కి వచ్చి జాకెట్లు ఇచ్చి పోతారు. రిబ్కా కుడితే చంక దగ్గర పట్టదని, భుజం జారదని పేరు.

ఈ వైపు ఆడవాళ్ళు టేపు పెట్టి కొలతలు తియ్యనివ్వరు. తమకి బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇస్తారు. దాన్ని బట్టే కొత్తది కుట్టాలి. దాన్నే ఆది జాకెట్టు అంటారు. కుట్టడం అయిపోగానే ఆదిని ఎవరిది వాళ్ళు తిరిగి పట్టుకుపోవడం రివాజు. రిబ్కా దగ్గర మాత్రం ఊళ్ళోవాళ్ళు వదిలేసి వెళ్తారు. "నీ దగ్గరే ఉండనియ్యి, మళ్ళీ మోసుకు రావడం ఎందుకు" అంటారు. పైకి అనే మాట అది. ఇంకో టైలరు గుమ్మం ఎక్కను అని లోపలి మాట. ట్రంకు పెట్టెలో అట్లాంటివి నలభై మూడు ఉన్నాయి. ఒక్కో దానికి గుండుసూదితో పేరు రాసిన ఒక చీటీ. 'మెడ వెనక పావు అంగుళం తగ్గించాలి.' 'కాన్పు తర్వాత నడుం వదులు.' 'కుడి భుజం కిందికి.' ఎవరికి ఎంత వయసు మీద పడిందో, ఎవరు దిగులుతో చిక్కిపోయారో ఆ చీటీలకి తెలుసు, రిబ్కాకి తెలుసు. ఆమె ఎవరితోనూ అనదు. మాట తక్కువ మనిషని ఊళ్ళో అంటారుగాని, ఆ మాట తక్కువతనం వల్లే సగం మంది ఆమె దగ్గరికి వస్తారు.

పెరటి తడిక కదిలింది. రిబ్కా తలెత్తింది.

లక్ష్మి. మిల్లు వీధిలో ధాన్యం కొట్టు వాళ్ళ చిన్నకోడలు. వెనక సందులోంచి రావడం ఆవిడకి అలవాటే. ఎవరూ లేని వేళ చూసుకుని వస్తుంది. ఈసారి మాత్రం వచ్చిన తీరు వేరుగా ఉంది. జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. చేతిలో నల్ల కవరు.

"రా అక్కా. కూర్చో, చేతులు కడుక్కొస్తా."

"నేను నీకేం చేశాను రిబ్కా?"

రిబ్కా లేవబోతున్నది ఆగిపోయింది. "ఏమైందక్కా?"

"ఏమైందా? ఊరొదిలి పోతున్నావంట, పో. ఎవడొద్దన్నాడు? పోయేముందు నా బతుకు వీధిలో పడేసి పోవాలా?" లక్ష్మి కవరును తిరగేసింది. లేత నీలం జాకెట్టు తడినేల మీద పడింది. ఎడమవైపు లోపల రిబ్కా కుట్టిన దూది మెత్త, దాని మీద చీటీ.

మూడేళ్ళ కిందట గుంటూరులో లక్ష్మికి ఎడమ రొమ్ము తీసేశారు. అది తెలిసింది ఆవిడ మొగుడికి, రిబ్కాకి మాత్రమే. అత్తవారింట్లో గర్భసంచి ఆపరేషనని చెప్పుకున్నారు. లోపల మెత్త కుట్టి, రెండు వైపులూ ఒక్కలాగే కనపడేలా ఆ మొదటి జాకెట్టు కుదరడానికి రిబ్కాకి నాలుగు రోజులు పట్టింది. అది వేసుకుని ఆ అద్దంలో చూసుకున్న రోజు లక్ష్మి ఈ ఇంట్లోనే అరగంట ఏడ్చింది. ఆ ఆది జాకెట్టు పెట్టెలో అన్నిటికన్నా అడుగున, నల్ల కవరులో ఉండాలి.

"ఇది... ఇది నీ దగ్గరికెట్లా వచ్చింది?"

"నా దగ్గరికి రాలేదమ్మా, వస్తే ఏడవడం ఎందుకు? మా తోడికోడలు చేతికి ఇచ్చారు. నిన్న మధ్యాహ్నం మీ ఆయన బండి మీద వచ్చాడు. నేను స్నానానికి పోయా. మా కనకదుర్గక్క గేటు దగ్గరుంది. ఆవిడదీ నాదీ రెండూ ఆవిడకే ఇచ్చి చక్కా పోయాడు. నేను వచ్చేసరికి వసారాలో నిలబడి నొక్కి నొక్కి చూస్తోంది. చీటీ పైకి చదివింది. 'ఎడమ వైపు దూది రెండు పొరలు.' అత్తగారు అక్కడే ఉంది. బస్తాలు మోసేవాళ్ళు ఉన్నారు. 'గర్భసంచి అన్నావుగా లక్ష్మీ, నీకు గర్భసంచి అక్కడుందా?' అంది." లక్ష్మి కింద పడ్డ జాకెట్టు వంక చూసింది. "వాళ్ళు నవ్వారు రిబ్కా. బస్తాలు మోసేవాళ్ళు నవ్వారు."

రిబ్కా నిన్నటి రోజు గుర్తు చేసుకుంది. నిన్న తను తెనాలి వెళ్ళింది. లైనింగు గుడ్డ, హుక్కులు, దారాలు కొనడానికి నెలకోసారి వెళ్తుంది. సాయంత్రం బండికి వచ్చి, అలసిపోయి, పెట్టె జోలికే పోలేదు. పొద్దున చర్చిలో ఇద్దరు ముగ్గురు తనకేసి అదోలా చూశారు. ఒకావిడ, "మాతో ఒక్క మాటైనా చెప్పలేదే" అంది. పాట మొదలవడంతో ఏంటని అడగడానికి వీలు కాలేదు.

ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుని, జాకెట్టు తీసి గుండెకి అదుముకుంది. "ఒక్క నిమిషం ఉండక్కా. ఇక్కడే ఉండు" అని లోపలికి నడిచింది.

"మీ తెనాల్లో ఒక్క జిల్లా ఆఫీసు చూపించు బావా, నేను గుండు కొట్టించుకుంటా" అంటున్నాడు జాన్సన్.

రిబ్కా వాళ్ళ ముందు నుంచే వెళ్ళి ట్రంకు పెట్టె మూత ఎత్తింది. అడుగున పరిచిన పాత పేపరు, నాలుగు కలరా ఉండలు. అంతే.

"జాకెట్లేవి?"

"అదా!" జాన్సన్ మొహం వెలిగింది. "నువ్వే చూసి ఆశ్చర్యపోతావని చెప్పలేదు. నిన్న ఆఫీసు లేదుగా, మొత్తం ఇచ్చేసొచ్చా. నలభై మూడు జాకెట్లు! ఎండలో నాలుక పిడచకట్టిందనుకో. ఊరు ఏదైనా, మారడం మాత్రం వచ్చే నెలేగా. ఒక పని తెమిలిపోయింది." జేబులోంచి మడత కాగితం తీశాడు. గీతలు గీసి, వరస నంబర్లు వేసి, ఒక్కో పేరుకి ఎదురుగా టిక్కు పెట్టి ఉంది. "చూడు, ఒక్కటి తప్పిపోలేదు."

"సంతకాలు పెట్టించుకోలేదేంటి బామ్మర్దీ? ఆడిట్‌లో దొరికిపోతావ్" అన్నాడు కిషోర్. సారమ్మ నవ్వింది.

"నన్నడగకుండా ఎందుకిచ్చారు?"

"నేనే ఇవ్వమన్నానే" అంది సారమ్మ. "నీతో చెప్తే ఈ నెల, వచ్చే నెల అని సాగదీస్తావు. అవి ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నువ్వు గడప దాటవు. నాకు తెలీదా?"

అంటే ఇది తెలియక చేసిన పని కాదు. తను రైలెక్కేదాకా ఆగి చేశారు. రిబ్కా కాగితం వంక చూసింది. ఎనిమిదో నంబరు దగ్గర జాన్సన్ తన ఆఫీసు అక్షరాలతో రాశాడు: 'లక్ష్మి, కనకదుర్గ. ఇరువురిదీ ఒకే ఇల్లు అయినందున ఒకరికే అందజేయడమైనది.'

ఆమె చేతిలోని నీలం జాకెట్టు చూపించింది. విషయం చెప్పింది. గొంతు తగ్గించి నాలుగే మాటల్లో చెప్పింది.

జాన్సన్ తల గోక్కున్నాడు. "అయ్యో. నాకేం తెలుసు? చీటీ మీద పేరు చూశానంతే, విప్పి చూస్తానా? ఒకే ఇల్లు కదా అని... సరే, అయిందేదో అయింది. మనమెలాగూ వెళ్ళిపోతున్నాంగా."

"ఇందుకే నేను చెప్పేది" అన్నాడు కిషోర్, బెంచీ మీద ముందుకి జరిగి. "చిన్న ఊళ్ళతో ఇదే గోల. తెనాలనుకో, పక్క వాటాలో ఎవరున్నారో కూడా తెలీదు. ఎవరికి ఏది ఉందో, ఏది లేదో, ఎవడిక్కావాలి?"

"తెనాలి మనుషులకి నోరు తక్కువనా బావా నువ్వనేది? బాపట్లలో అంతా ఉద్యోగస్తులు, చదువుకున్నవాళ్ళు. ఇట్లాంటివి పైకి చదివి నవ్వరు."

"నవ్వరు, రాసి పైకి పంపిస్తారు."

"అయినా ఆవిడ ముందే ఇంట్లో చెప్పుకుంటే పోయేదిగా. దాయడం ఎందుకు? ఉన్నది ఒక్కటే అని..."

"ఆవిడ పెరట్లో ఉంది" అంది రిబ్కా.

సారమ్మ లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి తొంగి చూసి, "పోయిందిలే" అంది. తడిక తెరిచే ఉంది. ఎంతవరకు విని పోయిందో ఎవరికీ తెలీదు.

రిబ్కా నీలం జాకెట్టును మడిచింది. ఆమెకి కోపం రావడం ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆమె కూడా పెద్దగా చూసుకోలేదు. ఇప్పుడు అది వచ్చింది. అడ్డం పెట్టాలని ఆమె అనుకోలేదు.

"మీ ఆఫీసుకి నేనొచ్చి, మీరు లేకుండా చూసి, మీ బీరువాలో ఫైళ్ళన్నీ ఊళ్ళో వాళ్ళకి పంచిపెడితే ఊరుకుంటారా?"

"అదీ ఇదీ ఒకటేనా? అవి గవర్నమెంటు కాగితాలు."

"ఇవి ఆడవాళ్ళ ఒళ్ళు!"

ఆ అరుపుకి ఎదురింటి వరండాలో ఎవరో లేచి నిలబడ్డారు.

"నెమ్మది చెల్లెమ్మా, వీధిలో వింటారు" అన్నాడు కిషోర్.

"విననివ్వండి అన్నయ్యా. నిన్న ఈయన ఇంటింటి గుమ్మం ఎక్కి చెప్పొచ్చాడుగా, నా కొట్టు మూసేశానని. ఇంకా వినడానికేం మిగిలింది? ఏడు నెలల నుంచి ఈ బెంచీ మీద కూర్చుని మీరిద్దరూ ఊళ్ళు తూకం వేస్తున్నారు. ఎక్కడ ఎన్ని రైళ్ళు ఆగుతాయి, ఎక్కడ ఇడ్లీ బాగుంటుంది, ఎక్కడ కలెక్టరున్నాడు. అన్నీ విన్నా. మూడో అంతస్తు మెట్లెక్కి నా దగ్గరికి జాకెట్టు పట్టుకుని ఎవరొస్తారో ఒక్కరన్నా అన్నారా? పేరు తెలీని ఊళ్ళో, తన ఒంటి మీది గుడ్డ తీసి నా చేతిలో ఎవరు పెడతారు? ఏడేళ్ళు పట్టింది నాకు. ఏడేళ్ళు! మీరు ఒక్క పూటలో టిక్కులు పెట్టుకుని వచ్చారు."

"కుట్టొద్దని ఎవరన్నారే? అక్కడా కుట్టుకోవచ్చు" అన్నాడు జాన్సన్. "ఏ ఊళ్ళో లేరు ఆడవాళ్ళు?"

"ఆ ఆడవాళ్ళకి నేనెవర్ని? ఇక్కడున్న నలభై మూడు మందికి నిన్నటిదాకా నేను రిబ్కాని. ఇవాళ? లక్ష్మక్క గుట్టు బయట పెట్టినదాన్ని. ఆవిడ సంగతి అట్లా అయ్యాక, మిగతావాళ్ళు తమ చీటీలో ఏం రాశానో చదువుకుంటూ ఉంటారు ఈపాటికి. నేను రాసి పెట్టుకున్నది నా కోసం, కుట్టడం కోసం. చదివినవాళ్ళకి అట్లా ఉంటుందా? వాళ్ళ లోపాలన్నీ లెక్క రాసి ఇంటికి పంపించినట్టుంటుంది."

"మరీ అంత లేదులే..."

"ఉంది! మీకు తెలీదు కాబట్టి లేదనుకుంటున్నారు. మీరు బాపట్ల వెళ్ళండి, తెనాలి వెళ్ళండి, సముద్రంలో కాపురం పెట్టండి. నా పెట్టె మూత తియ్యడానికి మీరెవరు?"

"మొగుణ్ణే" అన్నాడు జాన్సన్. గొంతులో బిగువు రాబోయి, రిబ్కా మొహం చూసి ఆగింది.

సారమ్మ తల పట్టుకుని, "ఇదంతా పాత జాకెట్ల కోసమా ప్రభువా" అంది. కిషోర్ ఫోను తీసి టైము చూసుకున్నాడు. సాయంత్రం బండికి ఇంకా చాలా సేపుంది. అతనికి అదే కష్టంగా ఉన్నట్టుంది.

కాసేపటికి జాన్సన్ లేచి ఫ్యాను స్పీడు పెంచాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆఫీసులో గొడవ పడ్డ జనాన్ని సముదాయించేటప్పుడు ఎట్లా మాట్లాడతాడో అట్లా గొంతు మెత్తబరిచాడు.

"సరే రిబ్కా. తప్పే అనుకో. నిన్ను అడగలేదనేగా నీ బాధ? ఇప్పుడు అడుగుతున్నా. బావ ముందే అడుగుతున్నా. నువ్వు ఏది చెప్తే అదే ఖాయం, ఇంక తిరుగులేదు. చెప్పు. తెనాలా, బాపట్లా?"

"అదీ మాట!" అన్నాడు కిషోర్. "చెప్పు చెల్లెమ్మా. మొహమాట పడకు."

"తెనాలి అనమ్మా" అంది సారమ్మ. "నీక్కూడా వదిన తోడుంటుంది."

ముగ్గురూ ఆమె వంక చూశారు. జాన్సన్ కళ్ళల్లో నిజంగానే ఆశ ఉంది. పెద్ద మనసు చేసుకుని ఆమెకి ఏదో ఇచ్చేసినట్టు, ఇక ఆమె పుచ్చుకోవడమే తరువాయి అన్నట్టు ఉన్నాడు. ఆ చూపు చూశాక రిబ్కాకి చెప్పాల్సిన మాటలన్నీ ఒక్కసారిగా అయిపోయాయి. ఇన్ని మాటల తర్వాత కూడా ఊళ్ళు రెండే ఉన్నాయి. నలభై మూడు పేర్లున్న ఊరు వాళ్ళ లెక్కలోకి రాలేదు.

బల్ల మీది కాగితం ఆమె తీసుకుంది. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా ఒక్కసారి చదివింది. ఏ ఇంటికి ముందు పోవాలో చూసుకుంది. టైలరు తనంతట తాను ఇంటింటికీ పోయి ఆది జాకెట్టు మళ్ళీ ఇమ్మని అడగడం ఈ ఊళ్ళో లేదు. ఇచ్చేవాళ్ళు ఇస్తారు. తలుపు మొహాన వేసేవాళ్ళు వేస్తారు. కనకదుర్గ గేటు దగ్గర నిలబడి ఆవిడనే ముందు పిలవాలి. వినాల్సింది వినాలి. అనాల్సింది కూడా ఉంది.

కాగితాన్ని నాలుగు మడతలు చేసి పిడికిట్లో పెట్టుకుంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"ఎక్కడికే? అడిగినదానికి చెప్పు ముందు!" అన్నాడు జాన్సన్.

రిబ్కా గుమ్మం దిగి, ఎండలోకి నడిచింది.